రేసుకీ, దూకుళ్లకీ ఒకే ట్రక్కు కావాలంటే?

బెంగళూరు నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. సొంతూరు హిందూపురం, వయసు 41. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్‌లో ఉద్యోగం. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర అపార్ట్‌మెంట్‌లో కాపురం. ఇంట్లో భార్య, ఏడో తరగతి చదివే కొడుకు. పేరు వద్దన్నారు కాబట్టి, చెప్పిన సంగతుల సారాంశం మాత్రం ఇస్తున్నాను.

నిరుడు కొడుకు పుట్టినరోజుకి ఆన్‌లైన్‌లో 7,500 రూపాయలు పెట్టి రిమోట్ కారు కొన్నారట. పది రోజుల్లో లోపల ప్లాస్టిక్ గేర్ పళ్లు అరిగిపోయి బండి కదలడం మానేసింది. అమ్మినవాళ్లు "స్పేర్లు రావు సార్" అని చేతులెత్తేశారు. కానీ ఆ పది రోజుల్లోనే తండ్రీకొడుకులిద్దరికీ ఆర్సీ (రేడియో కంట్రోల్‌తో నడిచే బండ్ల) పిచ్చి పట్టుకుంది. ఊరి చివర ఒక ఖాళీ స్థలంలో కొంతమంది మట్టితో ట్రాక్ కట్టుకుని, ఆదివారాలు బండ్లు నడుపుతూ నెలకోసారి రేసు పెట్టుకుంటారని తెలిసి చూడ్డానికి వెళ్లారు. ఈయన మనసు రేసు మీద పడింది. అబ్బాయి మాత్రం పక్కనున్న మట్టిదిబ్బ మీద నుంచి గాల్లోకి లేచి దభీమని పడే పెద్ద చక్రాల ట్రక్కుల దగ్గర నుంచి కదలలేదు. రెండూ చేయగలిగే మాన్‌స్టర్ ట్రక్కు ఒకటి కొందామని 50 వేలు పక్కన పెట్టారు.

"అప్పట్నుంచీ టెన్షనే" అని రాశారు. ట్రాక్ దగ్గర ఒక సీనియర్ "మాన్‌స్టర్ ట్రక్కుతో రేసేంటి, బగ్గీ కొనండి" అన్నారు. బగ్గీ అంటే నేలకు దగ్గరగా ఉండే రేసు బండి. సిటీలో ఒక హాబీ షాపులో 1/10 స్కేల్ (అసలు బండిలో పదో వంతు సైజు) ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు, ఎక్కువ వేగమిచ్చే బ్రష్‌లెస్ మోటార్‌ది, 48 వేలని చెప్పారు. అమెరికాలో దాని ధర చూసుకుని, ఇది నిలువుదోపిడీ అని కోపంతో వచ్చేశారు. డాలస్‌లో ఉన్న బావమరిది సంక్రాంతికి వస్తూ "బావా, కొంటే ఎక్స్‌మ్యాక్సే కొనాలి. నేను తెస్తా, డబ్బులు తర్వాత చూసుకుందాం" అంటున్నాడు. భార్యకు అసలీ వ్యవహారమే నచ్చలేదు. పాడైపోయిన కారు ఖరీదు ఆవిడకు 2,500 అనే చెప్పారట. "ఇప్పుడు 50 వేలని ఏ నోటితో చెప్పను? ఏది కొంటే మళ్లీ బాధపడకుండా ఉంటాను? ఒక్క పేరు చెప్పండి చాలు" అని ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. ఒక్క పేరు చెప్పడం కష్టం కాదు. కానీ ఆ పేరు మీ అబ్బాయికి నచ్చి మీకు నచ్చకపోవచ్చు. మీ ఇద్దరికీ నచ్చినా మీ ఇంటికి భారం కావచ్చు. అందుకని ఏ దారిన పోతే ఏం ఎదురవుతుందో నాకు తెలిసినంత చెబుతాను. తేల్చుకోవడం మీ ముగ్గురి పని.

పోయిన కారుతోనే మొదలుపెడతాను, మీ భయమంతా అక్కడే ఉంది కాబట్టి. ఈ హాబీలో విరగని బండి లేదు. లక్ష పెట్టి కొన్నదీ విరుగుతుంది. మీ కారు పాడవడంలో వింతేమీ లేదు, బాగుచేసుకునే వీలు లేకపోవడమే మిమ్మల్ని ముంచింది. బొమ్మకీ హాబీ గ్రేడ్ బండికీ తేడా అక్కడే ఉంది. హాబీ గ్రేడ్ బండితో పాటు, డబ్బాలోనో కంపెనీ సైట్‌లోనో, బండి మొత్తాన్ని ముక్కలుగా విప్పి చూపించే పటం ఒకటి ఇస్తారు. ప్రతి ముక్క పక్కనా పార్ట్ నంబర్ ఉంటుంది. ఆ పటం లేని బండి ఎంత వేగంగా పోయినా నేను కొనను.

నా సంగతి ఒకటి చెబుతాను. మొదటి ట్రక్కు కొన్న మూడో ఆదివారం ముందు చక్రం ఫుట్‌పాత్ అంచుకి తగిలింది. పెద్ద వేగమేమీ లేదు. దగ్గరికి వెళ్లి ఎత్తి చూస్తే ఎడమ చక్రం కాలు విరిగిన మేకపిల్లలా వేలాడుతోంది. చక్రాన్ని ఛాసిస్‌కి కలిపి ఉంచే కింది ఆర్మ్, హింజ్ పిన్ దూరే రంధ్రం దగ్గర నిలువునా చీలింది. అరచేతిలో పట్టే నైలాన్ ముక్క అది. మార్చడానికి రెండు అలెన్ కీలు, ఇరవై నిమిషాలు చాలు. కానీ ఆ ముక్క బెంగళూరులో ఎక్కడా దొరకలేదు. బయటి నుంచి తెప్పించుకునేసరికి ఐదు వారాలు పట్టింది, ఆ ఐదు వారాలూ ట్రక్కు బీరువా మీదే ఉంది. అప్పట్నుంచీ ఏ షాపుకెళ్లినా నా మొదటి మాట ఒకటే: "దీని ముందు ఆర్మ్‌లు మీ దగ్గర ఉన్నాయా? ఒకసారి చూపించండి." తెప్పిస్తామంటే నాకు సరిపోదు. తీసి బల్ల మీద పెడితేనే బండి వైపు చూస్తాను.

మీరూ అదే చేయండి. ఆర్మ్‌లతో పాటు మోటార్ తిప్పే పెద్ద గేర్ (స్పర్ గేర్), షాక్ అబ్జార్బర్ చివర ఉండే ప్లాస్టిక్ కప్పులు, చక్రానికి శక్తి అందించే డ్రైవ్‌షాఫ్ట్, ముందు చక్రాలను పక్కలకి తిప్పే సర్వో అడగండి. దూకించే బండిలో ముందుగా పోయేవి ఇవే. ఏ కంపెనీ బండికి ఇవి చేతికందుతాయో మీ పరిధిలో అదే మంచి బండి. ఇంకో వీధిలో ఇంకో షాపులో ఇంకో కంపెనీ స్పేర్లు దొరికితే జవాబు మారిపోతుంది. నేను ఒక్క పేరు చెప్పకపోవడానికి మొదటి కారణం ఇది.

ఇక సీనియర్ మాట. ఆయన మిమ్మల్ని చిన్నబుచ్చాలని అనలేదు, అందులో నిజముంది. అమెరికాలో బాబ్ చాండ్లర్ తన ఫోర్డ్ పికప్‌కి పెద్ద పెద్ద చక్రాలు బిగించి, బిగ్‌ఫుట్ అని పేరు పెట్టి, 1981లో దాన్ని పాత కార్ల మీదికి ఎక్కించి నుగ్గు చేశారు. జనం విరగబడి చూశారు. ఆ ఊపులోనే జపాన్‌లో తమియా కంపెనీ 1987లో క్లాడ్ బస్టర్ అనే రెండు మోటార్ల ఆర్సీ ట్రక్కు తెచ్చింది. అంటే మాన్‌స్టర్ ట్రక్కు పుట్టిందే ఎక్కడానికీ, తొక్కడానికీ, దూకడానికీ. నేలకు ఎత్తుగా ఉండడం, పెద్ద మెత్తని టైర్లు, బారుగా సాగే షాకులు, అన్నీ ఆ పనికే.

ట్రాక్ మీద ఇవే ఎదురు తిరుగుతాయి. మలుపులో బరువంతా బయటి చక్రాల మీదికి వాలుతుంది. నేల గట్టిగా ఉండి టైరు బాగా పట్టుకుంటే, కాస్త జారి తిరగాల్సిన బండి జారదు, పక్కకి దొర్లుతుంది. దీన్నే ట్రాక్షన్ రోల్ అంటారు. ఎవరో పరిగెత్తుకెళ్లి నిలబెట్టేలోపు మిగతావాళ్లు ఒక చుట్టు వేసేస్తారు. పైగా బరువైన చక్రాన్ని తిప్పడానికీ ఆపడానికీ సమయం పడుతుంది. బగ్గీ అలా కాదు, నేలకు అంటుకుని పోతుంది. ఆర్సీ రేసుల అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌ఎంఏఆర్ జరిపే ప్రపంచ పోటీల్లో మట్టి ట్రాకుల మీద పరిగెత్తేవి ముఖ్యంగా బగ్గీలే.

అలాగని మీ కోరిక తప్పేమీ కాదు. మీరు వెళ్లేది నెలకోసారి స్నేహితులు ఆడుకునే రేసు. అక్కడ మీలాంటి ట్రక్కులు ఇంకో మూడు నాలుగు ఉంటే, వాటి మధ్య పోటీ బగ్గీల రేసుకన్నా రంజుగా ఉంటుంది. ఊగుతూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ పోతాయి. ట్రక్కులు లేకపోతే మాత్రం కష్టం. బగ్గీల మధ్యకి దిగితే మీరు వెనకబడటం ఒక్కటే కాదు, మీ బరువైన ట్రక్కు మీద పడి వాళ్ల బండి విరగొచ్చు. నిర్వాహకులు వద్దనేది చాలాసార్లు అందుకే. కాబట్టి డబ్బు తీసే ముందు వచ్చే ఆదివారం వాళ్లనే అడగండి. ట్రక్కులకు విడిగా రేసు ఉంటుందా? ఎన్ని సెల్‌ల బ్యాటరీ వరకు ఒప్పుకుంటారు? ఏ సైజు వరకు? ఈ మూడు జవాబులు తెలిస్తే మీ చిక్కు సగం విడిపోతుంది.

ట్రక్కుని ట్రాక్‌కి దగ్గర చేసే మార్గం కూడా ఉంది. నేను ఎక్కువగా నమ్మేది రెండు సెట్ల చక్రాలు. బండితో వచ్చిన పెద్ద చక్రాలు దిబ్బలకి. హెక్స్ (చక్రం కూర్చునే ఆరు పలకల ముక్క) సైజు సరిచూసుకుని, కాస్త చిన్నగా గట్టిగా ఉండే టైర్ల సెట్ ఒకటి ట్రాక్‌కి. నాలుగు నట్లు విప్పి బిగిస్తే మారిపోతుంది. షాకుల మీద ఉండే కాలర్ (రింగు) తిప్పి స్ప్రింగు వదులు చేస్తే బండి కిందికి దిగుతుంది. షాకుల్లో కొంచెం చిక్కని ఆయిల్ పోస్తే ఊగడం తగ్గుతుంది. తర్వాత బండిని మూరెడు ఎత్తు నుంచి నేల మీదికి వదిలి చూడండి. ఛాసిస్ నేలను అలా తాకి లేచి నిలబడితే బాగుంది. ఠక్కున కొట్టుకుంటే ఆయిల్ పలచన. బంతిలా ఎగిరితే మరీ బిగుతు. ఇంత చేసినా అది బగ్గీ కాదు. కానీ మొదటి మలుపులోనే దొర్లే బండి, రేసు చివరిదాకా నిలబడే బండి అవుతుంది. పాత కార్లో అరిగింది గేరేనని పోల్చుకుని రాశారు కదా, ఈ పనులన్నీ మీ ఫ్యాక్టరీ చేతికి బాగా వస్తాయి.

ఇప్పుడు బావమరిది ఎక్స్‌మ్యాక్స్. గొప్ప ట్రక్కే. దాన్ని చేసే ట్రాక్సస్ కంపెనీ డాలస్ పక్కనే మెకిన్నీలో ఉంది, అందుకే ఆయనకు అంత అభిమానం ఉండొచ్చు. బోర్లా పడితే తనంతట తనే లేచి నిలబడే ఏర్పాటు కూడా ఉంది అందులో. కానీ ఒకసారి చేతిలోకి తీసుకుని చూడాలి. బ్యాటరీలు లేకుండానే ఎనిమిది కిలోలు దాటుతుంది. కంపెనీ చెప్పే వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఒక 1/10 ట్రక్కు బరువు అందులో సుమారు పావు వంతు. బరువు నాలుగింతలై వేగం రెట్టింపైతే, తగిలినప్పుడు దెబ్బ పదహారింతలు. పన్నెండేళ్ల పిల్లవాడు ట్రిగ్గర్ నొక్కుతుంటే, ఎదురుగా ఇంకో పిల్లవాడు పరిగెత్తుకొస్తే ఏమవుతుందో ఆలోచించండి. దీనికి ఫుట్‌బాల్ గ్రౌండ్ అంత చోటు కావాలి, మీ ట్రాక్‌లో దాన్ని దించనిస్తారని నేను అనుకోను. రెండు 4ఎస్ (నాలుగు సెల్‌ల) బ్యాటరీలు కావాలి, వాటిని నింపే పెద్ద చార్జర్ కావాలి. ఏది విరిగినా ముక్క కూడా అదే సైజులో, అదే ధరలో ఉంటుంది. మళ్లీ డాలస్ వైపే చూడాలి.

తేవడంలోనూ మెలికలున్నాయి. లిథియం బ్యాటరీలు విడిగా తెస్తే విమానంలో చేతి సామానులోనే పెట్టాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. ఒక్కోటి 100 వాట్ అవర్ల లోపైతే మామూలుగా ఒప్పుకుంటారు, 100 నుంచి 160 దాకా ఎయిర్‌లైన్ అనుమతి తీసుకోవాలి. 4ఎస్ 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ 74 వాట్ అవర్లు కాబట్టి అది సరే. కస్టమ్స్ దగ్గర బిల్లు అడిగితే చూపించాలి, సుంకం పడితే కట్టాలి.

వీటన్నిటికన్నా నన్ను ఆపింది "డబ్బులు తర్వాత చూసుకుందాం" అన్న మాట. ఆయన ప్రేమతోనే అన్నారు. కానీ పుట్టింటికి బాకీ పడ్డామన్న బరువు మీ ఆవిడ మీద పడుతుంది. అదీ తనకిష్టం లేని వస్తువు కోసం. ఎక్స్‌మ్యాక్సే కావాలనుకుంటే ఆవిడతో మాట్లాడి, డబ్బు ముందే పంపించి తెప్పించుకోండి. అలా కుదరకపోతే ఆ దారి వదిలేయడం మంచిది.

షాపువాడి మీద మీ కోపం గురించి ఒక మాట. ఆర్సీ బండ్లు కస్టమ్స్ లెక్కలో సాధారణంగా బొమ్మల పద్దులోకే వస్తాయి. బొమ్మల దిగుమతి సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి పెరిగింది, 2023లో 70 శాతమైంది. దాని మీద పన్ను, రవాణా, షాపు అద్దె. ఇవన్నీ కలిస్తే అమెరికా ధరకీ ఇక్కడి ధరకీ అంత తేడా రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ షాపులో విరిగిన ముక్క దొరుకుతుంటే, మీరిచ్చే ఎక్కువ డబ్బులో కొంత ఆ ముక్కల కోసమే అనుకోండి.

అయితే 48 వేల ట్రక్కు మీ 50 వేలలో పట్టదు. ఈ మాట ముందే చెప్పేవాళ్లు తక్కువ. రెండు బ్యాటరీలు, సెల్‌లన్నిటినీ సమానంగా నింపే బ్యాలెన్స్ చార్జర్, మంచి అలెన్ డ్రైవర్ల సెట్, ఒక జత ఆర్మ్‌లు, గేర్లు, లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలను పెట్టే సంచి కలిపితే నా అంచనాలో ఇంకో 15 వేలు అవుతుంది. బండి మీదే మొత్తం ఖర్చు పెట్టేసి, చార్జర్ దగ్గర కక్కుర్తి పడి బ్యాటరీ ఉబ్బించుకున్నవాళ్లను చూశాను. మూడింట రెండు వంతులు బండికి, ఒక వంతు మిగతావాటికి అని గీత గీసుకోండి. అంటే మీ చేతిలో బండికి ఉన్నది 33 వేలు.

ఆ డబ్బులో మూడు దారులు కనబడుతున్నాయి నాకు.

ఒకటి, అదే 1/10 ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కు, బ్రష్‌డ్ మోటార్‌తో వచ్చేది. ట్రాక్సస్ స్టాంపీడ్‌లోనూ, ఆర్మా కంపెనీ గ్రానైట్‌లోనూ బ్రష్‌డ్ రకాలున్నాయి. ఎక్కువ భాగాలు బ్రష్‌లెస్ రకానివే, ధర తక్కువ, వేగం తక్కువ. నేర్చుకునేవాడికి ఆ తక్కువ వేగమే మేలు, విరిగేవి తగ్గుతాయి. ఏడాది తర్వాత ఆసక్తి నిలిస్తే మోటార్, దాని వేగాన్ని అదుపు చేసే ఈఎస్సీ మార్చి బ్రష్‌లెస్ చేసుకోవచ్చు. ట్రాక్ మీద మిగతా బ్రష్‌లెస్ ట్రక్కుల వెనక పడతారు, అది ఒప్పుకోవాలి.

రెండు, 1/16 స్కేల్ చిన్న బ్రష్‌లెస్ ట్రక్కు. ఎంజేఎక్స్ హైపర్ గో లాంటివి. 1/10 బండ్లతో పోలిస్తే చాలా చవక, సైజుకి మించిన హుషారు. మీ 50 వేలలో సగానికి పైగా మిగులుతుంది. ఇంట్లో మాట కూడా తేలికవుతుంది. కానీ గడ్డిలో చిక్కుకుంటుంది, ట్రాక్ మీద పెద్ద గుంత దానికి చెరువంత. రేసు మీద మనసున్న మీకు రెండు నెలల్లో చిన్నదైపోవచ్చు. ఈ ఉత్సాహం ఆరంభశూరత్వమా, నిలిచేదా అని తేల్చుకోవడానికి మాత్రం ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు.

మూడోది నాకు బాగా నచ్చినది, కానీ దానికి ఓపిక కావాలి. ఒకే ట్రక్కు రెండు పనులూ చేయాలని మీరెందుకు అనుకున్నారో మీ ఉత్తరంలోనే ఉంది. రేసు మీకు కావాలి, దూకుళ్లు అబ్బాయికి కావాలి. ఇద్దరికీ ఒక్క రిమోటే ఉంటే, ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు పక్కన నిలబడి చూస్తుంటారు. పెద్దవాళ్లు మీరే కాబట్టి అది మీరే అవుతారు. లేదా అబ్బాయి మొహం చిన్నబుచ్చుకుంటాడు. ఆర్మా వాళ్ల 3ఎస్ వరుసలో గ్రానైట్ మాన్‌స్టర్ ట్రక్కు, టైఫాన్ బగ్గీ రెండూ ఉన్నాయి. డిఫరెన్షియల్, మోటార్, ఈఎస్సీ లాంటి లోపలి భాగాలు చాలావరకు ఒకటే. ట్రాక్సస్‌లో స్టాంపీడ్, రస్లర్, స్లాష్ ఫోర్ బై ఫోర్‌లకూ అలాంటి చుట్టరికమే ఉంది. ఇప్పుడు అబ్బాయి కోసం ట్రక్కు కొని, ఏడాది రెండేళ్ల తర్వాత మీ కోసం అదే కుటుంబంలో నేలకు దగ్గరగా ఉండే బండి తీసుకుంటే, చార్జర్ ఒకటే, బ్యాటరీలు ఒకటే, స్పేర్ల డబ్బా దాదాపు ఒకటే. ఈలోగా మీరు ఆ ట్రక్కుతోనే రెండో సెట్ చక్రాలు వేసుకుని రేసు నేర్చుకోవచ్చు. మొత్తం ఖర్చు ఎక్కువే. కానీ విడతలుగా వస్తుంది, కొన్నది ఏదీ వృథా పోదు.

సెకండ్ హ్యాండ్ గురించి మీరు అడగలేదు. మొదటి బండికి అది వద్దనే అంటాను. దేన్ని చూసి కొనాలో ఇంకా మీకు తెలియదు.

ఏది కొన్నా మొదటి రెండు నెలలు 2ఎస్ బ్యాటరీతోనే నడపండి. 3ఎస్ పెట్టుకోవచ్చని డబ్బా మీద ఉన్నంత మాత్రాన పెట్టక్కర్లేదు. ట్రాక్సస్ బండ్లలో వేగాన్ని సగానికి తగ్గించే ట్రైనింగ్ మోడ్ ఉంటుంది. ఆర్మా 3ఎస్ బండ్లతో వచ్చే రిమోట్ మీద 50, 75, 100 శాతానికి చిన్న స్విచ్ ఉంటుంది. అబ్బాయి చేతికి ఇచ్చేటప్పుడు 50 మీద పెట్టి ఇవ్వండి. అపార్ట్‌మెంట్ డ్రైవ్‌వేలో నడపకండి, ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఎటు నుంచి వస్తారో తెలియదు. ఖాళీ సైట్లలో కట్టడం మిగిల్చిన ఇనుప చువ్వలు మట్టిలోంచి పొడుచుకుని ఉంటాయి, ముందు ఒకసారి కాలినడకన తిరిగి రండి. కుక్కలు తరుముతాయి, అప్పుడు బండి ఆపేయండి, ఇంకా వేగంగా పోనిస్తే వాటికీ దెబ్బ తగులుతుంది. వానలో వాటర్‌ప్రూఫ్ అన్నది ఎలక్ట్రానిక్స్‌కే, బేరింగులకు కాదు. ఆ ఎర్రమట్టి నీళ్లు బేరింగుల్లోకి దిగితే నాలుగు రోజుల్లో గరగరమంటాయి. అదే రాత్రి తుడిచి, ఆరబెట్టి, ఒక్కో చుక్క నూనె వేయాలి.

బ్యాటరీ దగ్గర మాత్రం కొంచెం కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. లైపో సెల్ నిండితే 4.2 వోల్టులు. 3.2 కన్నా కిందికి పోనిస్తే చెడుతుంది, దాచిపెట్టాలంటే 3.8 దగ్గర ఉంచాలి. బ్యాలెన్స్ చార్జర్‌లోనే, 5,000 ఎంఏహెచ్ దానికి 5 ఆంపియర్లు మించకుండా నింపండి. సోఫా మీద, మంచం మీద వద్దు. బాల్కనీ టైల్స్ మీద లైపో సంచిలో, లేదా మందపాటి మట్టికుండీలో పెట్టి, మీరు అక్కడే ఉండి చార్జ్ చేయండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జ్ చేయకండి. కూరగాయలకని వెళ్తూ చార్జింగ్‌లో వదిలేసి వెళ్లకండి. ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీలో ఉంచకండి. మీ ఆవిడ ఈ వ్యవహారం గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. ఆవిడ అడగకపోయినా మీరే చెప్పండి.

ఇక 2,500 సంగతి. అది ఆవిడకు ముందో వెనకో తెలుస్తుంది. బండి కొన్న తర్వాత తెలిస్తే 50 వేల లెక్క కూడా నమ్మరు. "నాకు ఇష్టమైంది కాబట్టి నీకు తక్కువ చెప్పాను, అది 7,500" అని ముందే చెప్పేయండి. ఒక పూట కోపం వస్తుంది. తర్వాత కాగితం మీద అసలు లెక్క చూపించండి. బండికి ఇంత, బ్యాటరీలకు ఇంత, ఏడాదికి స్పేర్లకు ఇంత అని. స్పేర్ల గడి ఖాళీగా వదలకండి, అది దాస్తే మళ్లీ అదే కథ. ఆవిడ 50 వేలు కుదరదని, 20 వేలంటే సరేనంటే చిన్న ట్రక్కు దారి ఉండనే ఉంది. ఇప్పుడొద్దు, దీపావళి బోనస్ తర్వాత చూద్దామంటే ఆగండి. ఈలోగా ఆదివారాలు ట్రాక్‌కి వెళ్లి, అక్కడివాళ్ల బండ్లు విప్పేటప్పుడు పక్కన కూర్చోండి. స్క్రూలు పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలని అనని ఆర్సీ మనిషి నాకు ఇప్పటిదాకా తగల్లేదు. ఏం విరుగుతోందో, ఎంతలో బాగవుతోందో కళ్లారా చూశాక మీ లెక్క ఇంకా నిజమవుతుంది.

బావమరిదికి మాత్రం ఈ వారంలోనే ఫోన్ చేయండి. వద్దని చెప్పి ఆయన మనసు నొప్పించక్కర్లేదు. ఏ కంపెనీ బండో తేలాక, దాని ముందు ఆర్మ్‌లు రెండు జతలు, స్పర్ గేర్ ఒకటి, డ్రైవ్‌షాఫ్ట్ ఒక జత, మెటల్ గేర్ల సర్వో ఒకటి తెమ్మనండి. పెట్టెలో ఒక మూలకి పడతాయి, బ్యాటరీ గొడవ లేదు. పార్ట్ నంబర్లు మాన్యువల్ చూసి మీ అబ్బాయి చేతే రాయించి మామయ్యకు పంపించండి.